శిక్ష పడ్డాక హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేస్తుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. మీ బావగారికి హత్య నేరం కింద సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. కళ్లారా చూశానని చెప్పిన సాక్షి ఒక్కరే. కత్తి దొరికిన చోట పంచనామాపై సంతకాలు పెట్టిన మధ్యవర్తులు ఇద్దరూ కోర్టులో అడ్డం తిరిగారు. అప్పీలు వేద్దామనుకుంటూ ఉండగా, "సాక్షిని కింది కోర్టు నమ్మాక పైకోర్టు ఆ జోలికి పోదు, శిక్షకు ఆధారంగా ఏదో ఒక సాక్ష్యం ఉందా అన్నంత వరకే చూస్తుంది" అని ఎవరో చెప్పారు. అది నిజమా అని అడిగారు.

నిజం కాదు. మన దేశంలో శిక్షపై వేసే మొదటి అప్పీలులో పైకోర్టు సాక్ష్యం మొత్తాన్ని తానే మొదటి నుంచి చదివి, నేరం సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువైందా లేదా అన్నది సొంతంగా తేల్చుకోవాలి. ఇది దానికున్న అధికారం మాత్రమే కాదు, దాని బాధ్యత కూడా. మీకు ఎవరో చెప్పిన మాట సుప్రీంకోర్టుకూ, రివిజన్లకూ (కింది కోర్టు తీర్పు సక్రమమేనా అని పైకోర్టు చేసే పరిమిత పరిశీలనకూ) చాలావరకు సరిపోతుంది గాని మొదటి అప్పీలుకు సరిపోదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. హైకోర్టు చదివేది కాగితాన్నే గాని మనిషిని కాదు. విచారణలో సాక్షిని అడగని ప్రశ్నకు అప్పీలులో జవాబు పుట్టుకురాదు. ఇరవై ఏళ్లకు పైగా క్రిమినల్ అప్పీళ్లు వాదిస్తున్నవాడిగా నేను గెలిచినవాటిలో ఎక్కువ భాగం కింది కోర్టులో ఎవరో ఒక న్యాయవాది సరైన ప్రశ్న సరైన సాక్షిని అడిగి పెట్టినందువల్ల గెలిచినవేనని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

మీకు చెప్పిన మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించగలను. అమెరికాలో సూత్రం దాదాపు అలాగే ఉంటుంది. 1979లో జాక్సన్ వర్సెస్ వర్జీనియా కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, సాక్ష్యాన్నంతా ప్రాసిక్యూషన్‌కు అనుకూలమైన వెలుగులో చదివినప్పుడు, సహేతుకంగా ఆలోచించే నిర్ణేత ఎవరైనా ఆ నేరం రుజువైందని అనుకోగలిగేవారా అన్నది మాత్రమే పైకోర్టు చూడాలి. సాక్షిని నమ్మాలా వద్దా అన్నది జ్యూరీ, అంటే కేసు వినడానికి ఎంపిక చేసిన సామాన్య పౌరుల బృందం, పని. జ్యూరీ తన నిర్ణయానికి కారణాలు రాయదు కాబట్టి, అది దేన్ని నమ్మి దేన్ని తోసిపుచ్చిందో పైకోర్టుకు తెలిసే వీలు లేదు. అందుకే అక్కడ పరిశీలన అంత ఇరుకుగా ఉంటుంది. దానికి బదులుగా ముద్దాయికి ఒక బలమైన రక్షణ కూడా ఇచ్చారు. సాక్ష్యం చాలలేదని పైకోర్టు అంటే అతణ్ణి మళ్లీ విచారించడానికి వీల్లేదని 1978లో బర్క్స్ కేసులో తేల్చారు. ఇంగ్లండులో 1968 నాటి క్రిమినల్ అప్పీల్ చట్టం కింద, నేర నిర్ధారణ నిలబెట్టదగినంత నిక్కచ్చిగా ఉందా లేదా అన్నది ప్రశ్న. ఒకే మాటను ఒక్కో దేశం ఒక్కో కొలతతో కొలుస్తుంది గనుక, ఇంటర్నెట్లో చదివినదాన్ని మన కోర్టుకు అతికించేముందు అది ఏ దేశపు సంగతో చూసుకోవాలి.

మన దగ్గర కూడా ఒకప్పుడు ఈ తేడా ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 418వ సెక్షన్ కింద, జ్యూరీతో విచారణ జరిగిన కేసుల్లో అప్పీలు సాధారణంగా చట్టపరమైన అంశాలకే పరిమితమయ్యేది. జడ్జి స్వయంగా తేల్చిన కేసుల్లో మాత్రం వాస్తవాలపైనా చట్టంపైనా అప్పీలు ఉండేది. 1973 కోడ్‌తో సెషన్స్ విచారణల్లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. ఇప్పుడు సెషన్స్ జడ్జి ఎవరిని ఎందుకు నమ్మారో కారణాలతో సహా తీర్పు రాయాలి. కారణాలు రాసి ఉన్నప్పుడు వాటిని పరీక్షించే బాధ్యత పైకోర్టు మీద పడటం సహజమే.

చట్టం ఏమంటుందో చూద్దాం. పాత కోడ్, అంటే 1973 కోడ్, 386వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 427వ సెక్షన్ అయింది. అప్పీలు కోర్టు రికార్డు తెప్పించుకొని చదవాలి, ఇరుపక్షాల న్యాయవాదులు హాజరైతే వారి వాదన వినాలి. శిక్షపై వేసిన అప్పీలులో అది నేర నిర్ధారణను రద్దు చేసి నిర్దోషిగా విడుదల చేయవచ్చు, పునర్విచారణకు పంపవచ్చు, నేరాన్ని వేరొక సెక్షన్ కిందికి మార్చవచ్చు, శిక్షను తగ్గించవచ్చు. సాక్ష్యాన్ని ఇంతవరకే చూడాలన్న గీత ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ముద్దాయి తరఫు న్యాయవాది రాలేదన్న సాకుతో అప్పీలును కొట్టివేయకూడదని, రికార్డు చదివి గుణదోషాల మీదే తేల్చాలని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగానే పరిశీలించింది, జోక్యానికి కారణం లేదు" అని రెండు పేరాల్లో ముగించిన హైకోర్టు తీర్పులను సుప్రీంకోర్టు రద్దుచేసి, మళ్లీ వినమని వెనక్కి పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో చెబుతాను. యావజ్జీవ శిక్ష మీద అప్పీలు ఇద్దరు జడ్జీల ధర్మాసనం ముందుకు వస్తుంది. ఇద్దరూ ఏకీభవించకపోతే మూడో జడ్జి ముందు పెడతారు. వారి ముందుండే పేపర్ బుక్‌లో ఛార్జి, సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్లు, ముద్దాయిని అడిగిన ప్రశ్నలు, తీర్పు అన్నీ ఉంటాయి. నేను మాత్రం తీర్పును చివరనే చదువుతాను. ముందుగా తీర్పు చదివితే, ఆ జడ్జిగారి కళ్లతోనే మిగతాదంతా చదవడం మొదలవుతుంది. ఫిర్యాదు, దానిమీద మేజిస్ట్రేటు వేసిన సమయం ముద్ర, పి.డబ్ల్యూ.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) వాంగ్మూలం, డాక్టరుగారి వాంగ్మూలం, దర్యాప్తు అధికారి క్రాస్ (ఎదుటి పక్షం న్యాయవాది అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు) — ఈ వరసలో చదివితే కేసు ఎముకల గూడు బయటపడుతుంది.

మీ మొదటి బెంగ ఒక్కరే సాక్షి ఉండటం గురించి. ఒక్క సాక్షి మాట మీద హత్యకు శిక్ష వేయవచ్చు. ఏ విషయాన్నైనా రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు కావాలన్న నియమం లేదని పాత సాక్ష్య చట్టం 134వ సెక్షన్ చెప్పేది; ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 139వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా విడదీసింది. పూర్తిగా నమ్మదగినవారు, అసలే నమ్మదగనివారు, రెంటికీ మధ్యన ఉన్నవారు. మొదటి రకం సాక్షి ఒక్కరున్నా చాలు. మూడో రకం అయితే ఆ మాటను నిలబెట్టే స్వతంత్రమైన ఆధారం మరొకటి కావాలి. హైకోర్టులో వాదన దాదాపు అంతా మీ సాక్షి ఈ మూడింట్లో ఏ గడిలో పడతారన్న దాని చుట్టూనే తిరుగుతుంది. "ఒక్కరే ఉన్నారు కదా" అన్న వాదనతో మొదలుపెట్టిన న్యాయవాదిని జడ్జిగారు మొదటి నిమిషంలోనే ఆపేస్తారు.

ఆ గడి ఎలా తేలుతుందో నాకు బాగా గుర్తున్న ఒక కేసుతో చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నరకు జరిగిన సంఘటన అది. ఏకైక సాక్షి ముప్పై గజాల దూరం నుంచి వీధి దీపం వెలుతురులో ముద్దాయిని గుర్తుపట్టానని చెప్పాడు. సెషన్స్ జడ్జి అతణ్ణి సహజమైన సాక్షిగా భావించి నమ్మారు. నేను కట్ట తిరగేస్తుంటే దర్యాప్తు అధికారి క్రాస్‌లో ఒకే ఒక వాక్యం కనిపించింది. స్థలం స్కెచ్‌లో విద్యుత్ స్తంభం చూపలేదన్నది నిజమేనని ఆయన ఒప్పుకొన్నారు. ఆ స్కెచ్ తీసి చూస్తే వేపచెట్టు ఉంది, పశువుల కొట్టం ఉంది, బావి ఉంది, స్తంభం మాత్రం లేదు. సాక్షి పోలీసులకిచ్చిన మొదటి వాంగ్మూలంలోనూ వెలుతురు ప్రస్తావన లేదు. తీర్పులో ఈ రెండింటి ఊసే లేదు. ధర్మాసనం ఆ స్కెచ్ పేజీ తెరిచి ఐదు నిమిషాలు చూసింది. ఆ ముద్దాయి విడుదలయ్యాడు. అలాగని వెలుతురు లేదన్నంత మాత్రాన కేసు పడిపోతుందనుకోకండి. పరిచయస్తుణ్ణి నడకను బట్టీ గొంతును బట్టీ తక్కువ వెలుతురులోనూ గుర్తుపట్టవచ్చునని కోర్టులు చాలాసార్లు అన్నాయి. ఆ కేసులో సాక్షి, ముద్దాయి వేర్వేరు ఊళ్లవారు కావడం తేడా తెచ్చింది.

వైరుధ్యాల సంగతికి వస్తే, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికీ కోర్టులో చెప్పినదానికీ మధ్య తేడాలన్నీ వరసగా పట్టిక వేసి, ఇన్ని ఉన్నాయి కాబట్టి సాక్షి అబద్ధాలకోరని వాదిస్తారు. కోర్టు లెక్కపెట్టదు, తూకం వేస్తుంది. ఒక భాగం అబద్ధమైతే మొత్తం అబద్ధమేనన్న సూత్రాన్ని మన కోర్టులు అంగీకరించలేదు. పొట్టు చెరిగి గింజ ఏరుకున్నట్టు నమ్మదగినదాన్ని వేరు చేసుకోవాలంటారు. నేనూ ఒకసారి ఇలాగే పదకొండు వైరుధ్యాలతో పట్టిక వేసుకొని వెళ్లి ఓడిపోయాను. ఆ సాక్షికి అదే దాడిలో మోచేతి మీద కత్తిగాటు పడింది. గంటన్నరలోగా డాక్టరు ఆ గాయాన్ని రిజిస్టరులో రాశారు. "ఆమె అక్కడే ఉందన్న సంగతి ఆ గాయమే చెబుతున్నప్పుడు, ముద్దాయి ఏ వైపు నుంచి వచ్చాడన్న తేడాతో మాకేం పని?" అని ధర్మాసనం అడిగితే నా దగ్గర జవాబు లేదు. గాయపడ్డ సాక్షి మాటకు కోర్టులు ఎక్కువ బరువిస్తాయి. బలమైన కారణం ఉంటే తప్ప పక్కన పెట్టవు.

మరోవైపు, ఒకే ఒక విస్మరణ, అంటే చెప్పాల్సింది చెప్పకుండా వదిలేయడం, కేసును కూల్చగలదు. పొడిచినవాడి పేరే మొదటి వాంగ్మూలంలో లేకపోతే అది చిన్న తేడా కాదు. ముఖ్యమైన విషయాన్ని చెప్పకపోవడం ఎప్పుడు వైరుధ్యంగా లెక్కకు వస్తుందో 1959లో తహశీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. అయితే ఆ తేడాను రుజువు చేయడానికి ఒక పద్ధతి ఉంది. సాక్షిని క్రాస్‌లో ఆ మాట చూపించి అడగాలి, ఆ తరువాత దర్యాప్తు అధికారిని బోనులో నిలబెట్టి "సాక్షి మీకు అలా చెప్పలేదు కదా" అని అడిగి ఒప్పించాలి. ఈ రెండో మెట్టు దాటేసిన రికార్డులు నేను ఎన్నో చూశాను. అలాంటప్పుడు పోలీసు వాంగ్మూలం కట్టలో కళ్లెదుట ఉన్నా హైకోర్టు దాన్ని చదివి వాడుకునే వీలు లేదు. మెలిక అని పైన అన్నది దీన్నే.

ఇంకో చిన్న సంగతి. మన తెలుగు రాష్ట్రాల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, కాగితం మీద ఎక్కువగా ఇంగ్లీషులో పడుతుంది. ఒక అప్పీలులో "గలాటా" అన్న మాట అదే రూపంలో వాంగ్మూలంలో ఉంది. "గలాటా విని వచ్చాను" అన్నదాన్ని సెషన్స్ జడ్జి గొడవ చూసి వచ్చాడని అర్థం చేసుకొని ప్రత్యక్ష సాక్షిగా లెక్కించారు. విని వచ్చినవాడు దెబ్బ పడటం చూసి ఉండకపోవచ్చు. ఆ సాక్షి క్రాస్‌లో తాను వచ్చేసరికి మనిషి కిందపడి ఉన్నాడని కూడా చెప్పాడు. అందుకే మీ సాక్షి వాంగ్మూలాన్ని ఇంగ్లీషు కాగితం నుంచి మనసులో తెలుగులోకి తిరగేసి, అతను నిజంగా ఏ మాట వాడి ఉంటాడో ఊహించుకుంటూ చదవమని నా జూనియర్లకు చెబుతుంటాను.

మీ రెండో అంశం, కత్తి. మధ్యవర్తులు అడ్డం తిరిగినంత మాత్రాన స్వాధీనం చెల్లకుండా పోదు. దర్యాప్తు అధికారి మాట నమ్మదగినదైతే ఆ ఒక్క మాటతోనూ కోర్టు దాన్ని అంగీకరించవచ్చు. అసలు ప్రశ్న ఆ స్వాధీనం దేన్ని రుజువు చేస్తుందన్నది. దీనిమీద ఇప్పటికీ అందరూ చెప్పుకునే తీర్పు మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులోనిది. తీర్పు 1946 డిసెంబరులో వచ్చినా, 1947 నాటి ప్రచురణల్లో కనిపిస్తుంది గనుక 1947 తీర్పుగా ఉదహరిస్తాం. పోలీసుల అదుపులో ఉన్న ముద్దాయి చెప్పినదాంట్లో, వస్తువు ఎక్కడ దాచాడో, ఆ సంగతి అతనికి తెలుసో లేదో అన్నంత భాగమే సాక్ష్యంగా పనికొస్తుంది. "దీనితోనే పొడిచాను" అన్న భాగం పనికిరాదు. కాబట్టి కత్తి దొరికిందంటే అది దాచిన చోటు మీ బావగారికి తెలుసన్నంత వరకే. ఆ కత్తితోనే హత్య జరిగిందని చెప్పడానికి వేరే లంకె కావాలి. ఫోరెన్సిక్ నివేదికలో "మనిషి రక్తం" అని మాత్రమే ఉందా, మృతుడి రక్త వర్గం అని కూడా ఉందా చూడండి. ఆ కత్తిని డాక్టరుకు చూపించి, గాయాలు దీనివల్ల కావచ్చునా అని అడిగారా చూడండి. సీలు వేసిన రోజుకూ ల్యాబుకు చేరిన రోజుకూ మధ్య అది ఎవరి దగ్గర ఉందో కూడా చూడండి. కత్తి తేలిపోతే మీ సాక్షికి ఊతంగా నిలిచేది ఇంకేముందన్నది అప్పుడు ప్రశ్న అవుతుంది.

మీ కేసు పూర్తిగా పరిస్థితుల సాక్ష్యం మీద ఆధారపడినది కాదు గాని, ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. ప్రత్యక్ష సాక్షి లేని కేసుల్లో 1952 నాటి హనుమంత్ కేసు, 1984 నాటి శరద్ బిర్ధీచంద్ శారదా కేసు కొలతలు. ఒక్కో పరిస్థితి నికరంగా రుజువు కావాలి, అన్నీ కలిసి తెగని గొలుసు కావాలి, ఆ గొలుసు ముద్దాయి దోషి అన్న ఒకే నిర్ణయానికి దారితీయాలి. చేసి ఉండవచ్చు అన్నదానికీ చేసి తీరాలి అన్నదానికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదని 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బోబ్డే కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. ఇలాంటి అప్పీళ్లలో పైకోర్టు జోక్యానికి వీలు ఎక్కువ. ఎందుకంటే కాగితం మీది పరిస్థితుల నుంచి నిర్ణయానికి రావడంలో సెషన్స్ జడ్జికి ఎంత వెసులుబాటు ఉందో హైకోర్టు జడ్జీలకూ అంతే ఉంటుంది.

ప్రత్యక్ష సాక్షి విషయంలో మాత్రం కింది జడ్జికి ఒక అదనపు లాభం ఉంది. సాక్షి తడబడ్డాడా, కళ్లు దించుకున్నాడా, ప్రశ్న పూర్తి కాకముందే వల్లించినట్టు జవాబు చెప్పాడా అన్నది ఆ జడ్జి చూశారు. హైకోర్టు ఆ అనుకూలతను గౌరవిస్తుంది. కాని అది గౌరవమే, కట్టుబాటు కాదు. పైగా చాలా తీర్పుల్లో సాక్షి తీరుతెన్నుల గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. కొన్నిసార్లు వాంగ్మూలాలు రికార్డు చేసిన జడ్జి బదిలీ అయి తీర్పు మరొకరు రాసి ఉంటారు. అలాంటప్పుడు ఆ లాభం ఎవరికీ లేనట్టే. మీ కేసులో ఇలా జరిగిందేమో వాంగ్మూలాల కింది సంతకాలు చూస్తే తెలుస్తుంది.

మీ బావగారిది శిక్షపై అప్పీలు కనుక ఇంకో అనుకూలత ఉంది. సాక్ష్యం చదివాక సహేతుకంగా రెండు అభిప్రాయాలకు ఆస్కారం ఉంటే, ముద్దాయికి అనుకూలమైనదే తీసుకోవాలి. విడుదలపై ప్రభుత్వమో బాధితులో వేసే అప్పీలులో లెక్క తిరగబడుతుంది. 1934లో శివ స్వరూప్ కేసులో ప్రీవీ కౌన్సిల్, 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, అక్కడా సాక్ష్యాన్ని పూర్తిగా తిరిగి చూసే అధికారం ఉంది. కాని విడుదలతో నిర్దోషిత్వ భావన మరింత బలపడింది కనుక, కింది కోర్టు అభిప్రాయం కూడా సాధ్యమైనదే అయితే పైకోర్టు దాన్ని కదిలించకూడదు.

"మళ్లీ తూకం వేయరు" అన్న మాట నిజమయ్యేది ఆ తరువాతి మెట్టులో. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టులో అప్పీలు పోయాక హైకోర్టుకు వచ్చే రివిజన్‌లో, సాక్ష్యాన్ని చదివిన తీరు ఏ వివేకవంతుడూ ఒప్పుకోలేనంత వికృతంగా ఉంటే తప్ప జోక్యం ఉండదు. చెక్ బౌన్సు కేసుల్లో చాలామంది ఇక్కడే నిరాశపడతారు. సుప్రీంకోర్టులో రాజ్యాంగం 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి దొరికినా, రెండు కోర్టులూ ఒకే మాట చెప్పినచోట సాధారణంగా సాక్ష్యంలోకి మళ్లీ దిగరు. ఇందుకు మినహాయింపు కూడా ఉంది. విడుదలైనవాడికి హైకోర్టు తిరిగి మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లు అంతకుమించిన శిక్షో వేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లడం అతని హక్కు. మరణశిక్ష కేసులైతే ముద్దాయి అప్పీలు వేయకపోయినా హైకోర్టు ధ్రువీకరణ లేనిదే అమలు కావు. అక్కడ సాక్ష్యం మొత్తాన్ని తిరిగి చూడటం తప్పనిసరి. అందువల్ల మీ బావగారికి సాక్ష్యం మీద నిండుగా పోరాడే చోటు ఈ హైకోర్టు అప్పీలే. దీన్ని తేలిగ్గా వాదించి, మిగిలింది ఢిల్లీలో చూసుకుందామనుకోవడం పొరపాటు.

అప్పీలులో కొత్త సాక్ష్యం పెట్టవచ్చా అని మీరు అడగలేదు గాని తరువాతి ప్రశ్న అదే అవుతుంది. పాత 391, ఇప్పటి 432వ సెక్షన్ కింద అవసరమనిపిస్తే కోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవచ్చు. అయితే విచారణలో చేతిలో ఉండి వాడుకోనిదాన్ని ఇప్పుడు తెస్తానంటే సాధారణంగా ఒప్పుకోరు. అడ్డం తిరిగిన సాక్షినో కొత్త సాక్షినో తీసుకొచ్చి ప్రమాణ పత్రం వేయించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. అది మీ బావగారి కేసునే అనుమానంలోకి నెడుతుంది.

తరచు మరిచిపోయే అంశం మరొకటుంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక జడ్జి ముద్దాయిని అడిగే ప్రశ్నలు, పాత 313, ఇప్పటి 351వ సెక్షన్ కిందివి, ఒకసారి చదవండి. తీర్పు ఏ పరిస్థితిని ఆధారం చేసుకుందో దాన్ని ఆయన ముందు పెట్టి అడిగారా? ముఖ్యమైన పరిస్థితిని అడగకుండానే వాడుకొని, దానివల్ల ముద్దాయికి నష్టం జరిగిందని చూపగలిగితే, హైకోర్టు ఆ పరిస్థితిని లెక్కలోంచి తీసేయవచ్చు. నాలుగు పేజీల విషయాన్ని ఒకే ప్రశ్నగా గుచ్చి అడిగి, దానికి ముద్దాయి "అబద్ధం" అని ఒక్క మాటతో జవాబిచ్చిన కాగితాలు మీకూ కనిపిస్తాయి.

ఫలితం విషయంలో విడుదల, యావజ్జీవం అనే రెండే కొసలున్నాయని అనుకోకండి. దెబ్బ వేసింది ఇతనేనని ఒప్పుకుంటూనే, అప్పటికప్పుడు రేగిన గొడవలో, ముందస్తు ఆలోచన లేకుండా, ఒకే దెబ్బతో జరిగిందని తేలితే, హత్య నేరాన్ని హత్య కాని ప్రాణహరణ కిందికి మార్చి శిక్షను తగ్గించడం హైకోర్టులో అరుదేమీ కాదు. సాక్షిని పూర్తిగా కాదనలేమనిపించిన చోట మీ న్యాయవాది ఈ ప్రత్యామ్నాయ వాదనను కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. దాన్ని మొదటి వాదన చేస్తే విడుదల వాదన బలహీనపడుతుంది గనుక ఎప్పుడు ఎత్తాలన్నది న్యాయవాది నేర్పు. మీ బావగారు ఒక్కరే అప్పీలు వేసుకున్నంత మాత్రాన శిక్ష పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. పెంచాలంటే ముందుగా నోటీసిచ్చి, వాదన వినిపించే అవకాశం ఇవ్వాలి.

అప్పీలు వినడానికి సమయం పడుతుంది కాబట్టి ఈలోపు శిక్ష నిలుపుదల కోసం పాత 389, ఇప్పటి 430వ సెక్షన్ కింద దరఖాస్తు వేస్తారు. అక్కడ కోర్టు సాక్ష్యాన్ని పైపైన చూస్తుందే గాని తేల్చదు. ఆ దరఖాస్తు తిరస్కరించారని అప్పీలు పోయినట్టు కాదు, ఇచ్చారని గెలిచినట్టూ కాదు.

గడువు విషయం ఆలస్యం చేయకండి. సెషన్స్ కోర్టు శిక్షపై హైకోర్టుకు 60 రోజులు, మరణశిక్ష అయితే 30 రోజులు. తీర్పు నకలు పొందడానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు. గడువు దాటినా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తారు. మీ బావగారు జైల్లో ఉన్నారు కాబట్టి జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపవచ్చు, న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేకపోతే హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. న్యాయవాది దగ్గరికి వెళ్లేటప్పుడు తీర్పు ఒక్కటే పట్టుకెళ్లకండి. సాక్షుల వాంగ్మూలాలు, ఫిర్యాదు నకలు, స్థలం స్కెచ్, ఫోరెన్సిక్ నివేదిక కూడా తీసుకెళ్లండి. ఫిర్యాదు మీద మేజిస్ట్రేటు వేసిన తేదీ, సమయం స్పష్టంగా కనబడేట్టు నకలు తీయించండి. ఆ ముద్ర మసకబారి ఉంటే అసలు కాగితం చూసి ఎన్నింటికి చేరిందో రాసుకొని ఇక్కడే చెప్పండి. మీరు చెప్పినదాంట్లో నాకు ముందుగా అనుమానం కలిగినది సంఘటనకూ ఫిర్యాదు మేజిస్ట్రేటుకు చేరడానికీ మధ్య గడిచిన సమయం గురించే.